పథ్యము – పంక్తి

పథ్యమను మాటకు మన యిండ్లలో జరిగిన యన్యాయము మఱి యే మాటకును జరిగియుండదు. ఆ మాట వినబడగానే మనకు జ్వరము, మంచము, మిరియాల చారు, ఉప్పులేని కూర స్మరణకు వచ్చును. పథ్యము చేయువానిని జూచి యింటివారు జాలిపడుదురు. అతడును ఆ జాలికి దగినట్లు ముఖము పెట్టుకొని కూర్చుండును. కాని చరకుడు సూత్రస్థానము ఇరువదియైదవ యధ్యాయమున పథ్యమునకు లక్షణము చెప్పుచు రెండు మాటలు చెప్పినాడు. శరీరమార్గమునకు హాని చేయనిది యనునది మొదటిది. మనస్సునకు ప్రియమైనది యనునది రెండవది. ఈ రెండును గూడినగాని యాతని దృష్టిలో నది పథ్యము గాదు. మనము మొదటి సగమును వైద్యునకు అప్పగించితిమి. రెండవ సగమును మఱచితిమి.

ఈ మఱపువలన గలిగిన చిక్కు చిన్నది కాదు. బరువు తగ్గవలెనని నియమము పట్టిన వాడొకడు స్నేహితులతోడనో కుటుంబముతోడనో హోటలునకు బోయినాడనుకొనుడు. ఆ భోజనమును అతడు సంతోషముగా దినవచ్చునా? తినినచో నియమమునకు ద్రోహమా? తినకున్నచో తోడివారికి ద్రోహమా? ఇది వైద్యుని ప్రశ్నవలె గనబడును గాని నా యభిప్రాయమున నీతిప్రశ్న. తిండికిని నీతికిని సంబంధమేమని నవ్వువారుందురు. మన దేశమున నీతి యనబడిన దానిలో సగము తిండి చుట్టునే తిరిగినది. ఎవరితో గూర్చుండి తినవలెను, ఎవరు వండినది తినవచ్చును, ఎవరు ముందు తినవలెను, ఎవరు మిగిలినది తినవలెను – ఈ నాలుగు ప్రశ్నలకు మన పెద్దలు చెప్పిన సమాధానములే మన సంఘమును గట్టినవి, చీల్చినవి.

మా పల్నాటివారికి బరువు తగ్గించుకొను చింత క్రొత్తది. పదునైదవ శతాబ్దమునాటి శ్రీనాథుడు ఈ సీమకు వచ్చి యిచ్చటి జొన్నకూటిని జూచి విసిగికొనినట్లు ఆతని పేర జెప్పు చాటువులు తెలుగువారందఱు ఎఱిగినవే. సన్నన్నము మరగిన కవి నాలుకకు జొన్నముద్ద దిగలేదు. ఆతడు వచ్చి పోయిన పిదపగూడ పెక్కు శతాబ్దములు ఈ నేల జొన్ననే నమ్ముకొని బ్రదికినది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు పాఱిన పిమ్మట ఈ ప్రాంతమున మాగాణి పెరిగెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. ఒక్క తరము గడచులోపల తెల్లన్నము పండుగనాటి భోజ్యము మాని నిత్యభోజ్యమైనది. జొన్నకూడు దిని కూలికి బోయినవారి మనుమలు తెల్లన్నమును గౌరవచిహ్నముగా దలచిరన్న అందు తప్పు పట్టువాడను గాను. ఆకలి యెఱుగని వారే అన్నమును తేలికగా నిందింపగలరు.

అయినను ఫలము కన్నులయెదుట నున్నది. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడవవంతునకు మించినవారు అధికమైన బరువు గలవారని తేలినది. ఇప్పుడు వైద్యుడు చీటిపై వ్రాసి యిచ్చునది మరల జొన్నరొట్టె! చరకుడు అతిస్థూలునకు విధించిన ధాన్యములలో కొఱ్ఱలు, చామలు, అరికెలు, యవలతోబాటు జొన్నలును గలవు. శ్రీనాథుడు విసిగికొన్న కూడే నేడు మన పట్టణపు హోటళ్లలో వేడివేడిగా అమ్ముడుపోవుచున్నది. ఐతే యిందొక భ్రమ కలదు. నూరు గ్రాముల బియ్యమునందు సుమారు 356 కెలోరీలున్నచో అన్నియే జొన్నలయందు సుమారు 334 ఉన్నవి. భేదము స్వల్పము. అసలు భేదము పీచులో నున్నది: బియ్యమున మూడు గ్రాములకు లోపు, జొన్నలలో పది గ్రాములకు పైగా. అందుచే జొన్న నమలనిదే దిగదు, నిదానముగా నరుగును, త్వరగా చాలుననిపించును. జొన్నరొట్టెలు రెండు తెప్పించుకొని, నూనె తేలు కూర మూడు గిన్నెలు వానితో నంజుకొనువాడు ధాన్యమును మార్చినాడు గాని తన లెక్కను మార్చలేదు. గ్రాము నూనెలో తొమ్మిది కెలోరీలు, గ్రాము పిండిపదార్థమున నాలుగు మాత్రమే.

తెలుగుదేశమున ఆహారోపదేశకులకు కొఱత లేదు. ఉప్పును నూనెను విడువుడని మంతెన సత్యనారాయణరాజుగారు చెప్పిరి. అన్నమును విడిచి కొబ్బరినూనె మున్నగు కొవ్వులను ఆశ్రయింపుడని వీరమాచనేని రామకృష్ణగారు చెప్పిరి. 2017–18 ప్రాంతమున ఊరూర నిమ్మకాయలకును కొబ్బరినూనెకును వచ్చిన గిరాకి చదువరులకు జ్ఞాపకముండును. సిరిధాన్యములను దినుడని ఖాదర్ వలీగారు చెప్పిరి. ఒకరు విడువుమన్న నూనెను మఱియొకరు త్రాగుమందురు. వీరిలో నెవరి మాట యెంతవఱకు నిలుచునో తేల్చుట వైద్యశాస్త్రజ్ఞుల పని, నేను బడిపంతులను. నేను గమనించినది ఉపదేశమును గాదు, ఉపదేశము విన్నవానిని. నియమము పట్టిన మూడవ వారమున వాని కన్నులకొక క్రొత్త వెలుగు వచ్చును. ఎదుటివాని పళ్లెము వైపు చూచును. ‘ఇంత యన్నమే!’ యనును. తన గిన్నె వేరు, తన నూనె వేరు, తన నీళ్లు వేరు అగును. ఇది మన కెఱుక లేని ఆచారము గాదు. దీని పాతపేరు మడి.

నేనెఱిగిన యొక యుపాధ్యాయునకు చక్కెరవ్యాధి కలదు. వైద్యుడు పది కిలోలు తగ్గుమన్నాడు. అతడు నిష్ఠతో ఆఱు తగ్గినాడు. ఆ నిష్ఠ మెచ్చదగినదే. ఆ పాఠశాలలో ముప్పదియేండ్లు గంట కొట్టిన అటెండరు పదవి విరమించుచు, తన సొమ్ముతో నరసరావుపేటలో నొక హోటలున అందఱకును విందు చేసినాడు. అందఱును బల్లలచుట్టు గూర్చుండిరి. మన యుపాధ్యాయుడు మాత్రము సంచిలోనుండి తన క్యారియరు తీసి, వాసనలు దన్ను కలత పెట్టకుండ నొక మూలబల్లకు బోయి కూర్చుండెను. అటెండరు వచ్చి నిలిచి, “సారూ, ఒక్క ముద్దయినా మా చేతి మీదుగా తినరా?” అని యడిగెను. “నాకు పడదయ్యా, ఏమీ అనుకోవద్దు” అని యాతడనెను. అటెండరు ఏమియు ననుకొననట్లే నవ్వి తొలగిపోయెను. ఆతని తాత యెచ్చట గూర్చుండి, ఎవరు విడిచిన దానిని తినవలసి వచ్చెడిదో అచ్చట నున్న వారందఱకును దెలియును. ఉపాధ్యాయుని మనస్సున కులపు టూహ లేశమును లేదని నేను ప్రమాణము చేయగలను. ఆతని క్యారియరులో నున్నది రెండు రొట్టెలును పెసరకట్టును మాత్రమే. కాని వేరు పాత్ర, వేరు చోటు, ‘మీది నాకు పడదు’ అను సైగ – ఇవి యీ దేశమున నిన్న బుట్టిన సంజ్ఞలు గావు. చేయువాని మనస్సులో అర్థము మాఱినంతమాత్రమున చూచువాని గుండెలో నర్థము మాఱదు.

హోటలును కేవలము నాలుకకు పుట్టిన వ్యసనస్థానముగా నెంచువారితో నేను ఏకీభవింపజాలక పోవుటకు గారణ మిదియే. పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు మాచర్లలో సర్వకులములవారిని ఒక్క చాపపై గూర్చుండబెట్టి కూడు పెట్టించెనని పల్నాటి వీరగాథ చెప్పుచున్నది. దానికే చాపకూడని పేరు. కారెంపూడి వీరారాధనోత్సవములలో నేటికిని దానిని జరుపుచున్నారు. కాని యేటికొకసారి జరుగు చాపకూడు స్మృతి మాత్రమే. దానిని ప్రతిదినపు పనిగా మార్చినది, తెలిసియో తెలియకయో, రోడ్డుప్రక్క హోటలు. అదియు తొలుతనే మార్చలేదు. వెనుకటి మద్రాసు రాజధానిలో బ్రాహ్మణులకు వేఱుగా గది గల హోటళ్లుండెడివి. పల్లెటూళ్ల టీదుకాణములలో కొందఱికి వేఱుగా గ్లాసులుండెడివి. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము తన పదునైదవ యధికరణమున హోటళ్లను భోజనశాలలను పేరు పెట్టి చెప్పి, కులమతాదులను బట్టి యెవరికిని అందు ప్రవేశము నిషేధింపరాదన్నది. ఒక మహారాజ్యము తన మూలశాసనమున భోజనశాలను స్మరింపవలసి వచ్చినదన్న, ఆ బల్ల యెంత పోరాటముచే గెలువబడినదో యోచింపుడు. కెలోరీల పేర ఆ బల్లనుండి లేచిపోవునప్పుడు మనము లేచుచున్నది యెచ్చటినుండియో తెలిసి లేవవలెను.

అటులని, ఆ యుపాధ్యాయుడు కడుపునిండ బిర్యానీ తినవలసినదని నా తాత్పర్యము గాదు. తోడివారి తప్పు అంతకంటె పెద్దది. ‘ఒక్కనాటికేమగును?’ అను మాట మన విందులలో వినబడనిచో నది విందే గాదు. మాఘమాసమునందును శ్రావణమునందును పెండ్లిపత్రికలను లెక్కపెట్టుకొనువారికి ఆ ‘ఒక్కనాడు’ వారమునకెన్నిసార్లు వచ్చునో తెలియును. వద్దన్నవాని యాకులో గరిటెడు నేయి వంచి, తెల్లబోయిన వాని ముఖమును జూచి నవ్వుట మనకు మర్యాద! ఇది వడ్డన గాదు, బలాత్కారము. పొరుగువాని పొట్టపై మనకు హక్కు లేదు. ఆతిథ్యమునకు వచ్చిన వానిని తన యారోగ్యమునకును మన ప్రీతికిని నడుమ నిలిపి యెన్నుకొమ్మనుట, తల్లికిని భార్యకును నడుమ మగవానిని నిలుపుటవంటి పాతక్రీడ; అందెవ్వరును గెలువరు.

మఱి చేయవలసినదేమి? బంతిలో గూర్చుండవలెను, ఆకు పఱపించుకొనవలెను, తన యాకుపై తానే యజమానుడు గావలెను. ఇది సులభముగా గాని పని. మన హోటళ్లలో ‘ఫుల్ మీల్స్’ అను ఏర్పాటు కలదు గదా. ఒక్క వెల యిచ్చినచో నన్నము ఎన్నిమార్లయినను వడ్డింతురు. ఈ యేర్పాటున ఎక్కువ తినుటకు ఖర్చు లేదు. తక్కువ తినుటయే నష్టముగా దోచును. ‘డబ్బు దండుగ’ యను మాట కడుపులోని ‘చాలు’ను మ్రింగివేయును. దానికి దోడు, ఆకులో అన్నము విడుచుట పాపమను భయము. ఆ భయము మంచిదే, కాని యాలస్యముగా వచ్చును. అన్నము వృథా యగునది విడుచునప్పుడు గాదు, అక్కఱలేనిది వడ్డించుకొనునప్పుడు. అక్కఱలేని ముద్దను ఆకునుండి యెత్తి కడుపున వేసినంతమాత్రమున అది సార్థకమైనదా? కుప్పతొట్టి మాఱినది, అంతే. చేయి అడ్డముగా బెట్టవలసిన క్షణము గరిటె యాకుపైకి రాకముందున్నది.

మా ప్రాంతపు భోజనమున మఱొక సూక్ష్మము కలదు. ఇది మిరప పండు నేల. గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, కందిపొడి మొదటనే యాకున బడును. కారము తనంత తాను బరువు పెంచునది గాదు. కాని మంట చల్లార్చుకొనుటకు అన్నము, అన్నమునకు నేయి, నేతికి మరల పచ్చడి – ఈ చక్రము తిరుగుచుండగా మూడవ వడ్డన దాటిపోవును. పచ్చడిని వేలికొనతో దీసినచో అన్నము తానే తగ్గును. పప్పును, కూరను ముందు తిని, అన్నమును వానికి దోడుగా తెచ్చుకొన్నవాడు, అన్నమును ముందు గుట్టవేసి పప్పును దోడు తెచ్చుకొన్నవానికంటె తేలికగా లేచును. బిర్యానీయైనచో ఒక్కరికని తెచ్చు పళ్లెము తఱచుగా ఇద్దఱకు జాలును, పంచుకొనుడు. పంచుకొన్నచో రుచి సగమగునని యెవరైన ననగలరా? మొదటి ముద్దకు గల రుచి పదవ ముద్దకు లేదని మనకు ఆంగ్ల అర్థశాస్త్రజ్ఞులు చెప్పనక్కఱలేదు. పాయసపు గిన్నె నాకిన ప్రతి బాలునకు దెలియును. ఐనను మనము మొదటి ముద్దను మాటలలోబెట్టి మ్రింగి, పదవ ముద్దలో దాని రుచిని వెదకుచున్నాము.

చరకుడు భోజనవిధి చెప్పుచు మాటలాడక, నవ్వక, మనస్సు దానియందే యుంచి తినవలెనన్నాడు. ఇది నా వాదమునకు గొంత యెదురు. పంక్తిభోజనమున మౌనము సాధ్యము గాదు. సాధ్యమైనచో అది పంక్తి గాక పరీక్షాశాల యగును. ఆ మహర్షి నిషేధించినది స్నేహమును గాదు, పరధ్యానమును అని నేను గ్రహించితిని. చేతిలోని ఫోనును చూచుచు ఒంటరిగా దినువాడు మౌనముగా నున్నను చరకుని యాజ్ఞను మీఱినవాడే. ఆతడే విమానస్థానమున కడుపును మూడు భాగములుగా జేసి, ఒకటి ఘనపదార్థమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాతాదులకు విడువుమన్నాడు. హోటలు బల్లవద్ద జ్ఞాపకముంచుకొనదగిన లెక్క ఇది, యంత్రముతో పనిలేదు.

ఇచ్చట నొక గొప్ప యాక్షేపణ వచ్చును. గాంధీమహాత్ముడు తన యాశ్రమవ్రతములలో అస్వాదమును జేర్చెను. ఆహారమును ఔషధమువలె, దేహధారణకు వలసినంత తీసికొనవలెను గాని రుచికొఱకు గాదని యాయన మతము. ఆయన నిష్ఠకు నమస్కరించుచునే ఒక మాట మనవి చేయుదును. అస్వాదము లోకసేవకై సర్వమును విడిచిన వానికి వ్రతము. మధుమేహము గల గుమాస్తాకు అది తఱచుగా ఆఱుదినముల వ్రతము, ఏడవనాటి వ్రతభంగము నగుచున్నది. ఇప్పుడు బరువు తగ్గువారిలో నొక యాచారము బయలుదేఱినది: వారమున ఆఱుదినములు గడ్డి మేసినట్లు తిని, ఏడవదినము మినహాయింపు పేర రాక్షసునివలె మీదబడుట. ఏకాదశినాడు ఉపవాసమని చెప్పి ఉప్మాయు, అరటిపండ్లును, పాలును ఫలాహారముగా స్వీకరించి, ద్వాదశి పారణకై రాత్రి నిద్రపట్టని మన తాతగారలకు వీరు దగిన మనుమలు. అరిస్టాటిలు ఇట్టివారిని గూర్చి చక్కని భేదమును జూపినాడు. కోరికతో కుస్తీపట్టి దానిని అణచువాడొకడు. తగిన వస్తువునందు, తగినంతలో సంతోషించుటయే స్వభావమైనవాడు మఱియొకడు. మొదటివాడు మంచివాడే, కాని రెండవవాడే సంయమి. కుస్తీ పట్టువాడు ఏదో యొకనాడు క్రిందబడును. హోటలు బల్లవద్ద నాలుగు ముద్దలను నిజముగా నాస్వాదించి, అయిదవదాని వైపు విచారములేక చేయి యడ్డముగా పెట్టగలవాడు సంయమమునందు మొదటి పాఠము నేర్చినాడు. అస్వాదముచే ఆ పాఠము రాదు. రుచి యెఱుగనివాడు ‘చాలు’ననుటకు కొలత యేది?

ఈ పాఠమును అందఱు ఒక్కసారిగా నేర్వజాలరు. మొదటి పరిమళమునకే వివశులగువారు కలరు. అట్టివారు కొన్నిమాసములు హోటలు గడప ద్రొక్కకుండుటే మేలు. స్నేహితులను తమ యింటికే పిలుచుకొనవచ్చును. బంతినుండి లేచిపోవుటకంటె బంతిని తన ముంగిటికి దెచ్చుకొనుట గౌరవప్రదము.

ఇంతవఱకును మగవాని మాటయే చెప్పితిని. స్త్రీ సంగతి వేఱు. మన యిండ్లలో నామె కడపట దినును. పిల్లలు విడిచిన యిడ్లీముక్క, గిన్నెయడుగున మిగిలిన పప్పన్నము, రేపటికి నిలువదను పెరుగు – పాఱవేయుటకు మనసొప్పక ఆమె కడుపునకే చేరును. ఆకలిచే గాదు, పొదుపుచే ఆమె బరువెక్కును. ఆ తరువాత వైద్యుడు ‘తగ్గవలెనమ్మా’ యనును; మగడు ‘నేనప్పుడే చెప్పితిని’ అనును. నెలకొకసారి హోటలునకు బోయినప్పుడు ఆమెకు జీవితమున అరుదుగా లభించునదొకటి లభించును: కూర్చుండి యుండగా మఱొకరు వేడిగా వడ్డించుట, తన కోరికను ముందు అడుగుట, గిన్నెలు కడుగు పని లేకుండుట. గురజాలనుండి రైలులో వచ్చుచుండగా నా యెదుటి బల్లపై గూర్చుండిన యొక గృహస్థు, భార్య మధ్యాహ్నము హోటలులో నెన్ని పూరీలు తిన్నదో బంధువులకు లెక్క చెప్పి నవ్వించుచుండుట వింటిని. ఆమె కిటికీవైపు తిరిగి కూర్చున్నది. నిజముగా నామె బరువు తగ్గవలెనని అతడు కోరినచో, హోటలులోని రెండు పూరీలను లెక్కించుటకు బదులు, ఇంటియందు ప్రతిదినము పిల్లల పళ్లెములలో మిగులునంత వడ్డింపకుండునట్లు చూచి, ఆమెను తనతోడనే కూర్చుండి భుజింపుమని యడుగవచ్చును. ఆ యొక్క మార్పుచే నెన్ని కిలోలు తగ్గునో నేను చెప్పజాలను గాని, హోటలునకు బోయినప్పుడు ఆమె పూరీని ఆమె నిశ్చింతగా దినును.

హోటలు యజమానులకును ఒక మనవి. సగము కొలత భోజనము, సగము వెలకు, అడిగినవారికి ఇచ్చుచున్నామని గోడపై వ్రాసి పెట్టుడు. ‘ప్లేట్ మీల్స్’ కొన్నిచోట్ల కలదు గాని, అది సొమ్ములేనివాడు తినునదని వడ్డించువాడు కంటితోనే తెల్పును. మొగమాటము గల గుమాస్తా ఫుల్ మీల్సునకే చీటి తీసికొనును. ఆ చిన్నచూపు తొలగినచో, నాబోటి నలువదేండ్లవారు పలువురు నిర్భయముగా లోపలికి వచ్చెదరు.